భోజనాల గదిలో సున్నా గంటలు

ఆ ఫారం నాలుగు పేజీలు. మూడో పేజీలో ఒక పట్టిక ఉంది. వృద్ధాశ్రమంలో పనిచేసే మనిషి గత మూడేళ్ళలో ఏ విభాగంలో ఎన్ని గంటలు పనిచేసిందో అందులో రాయాలి. స్నానాలు, మరుగుదొడ్లకు ఒక గడి. మంచం పట్టినవాళ్ళ సేవకు ఒకటి. మందులకు ఒకటి. వంటిల్లు, భోజనాల గదికి ఒకటి. మిగతా ఆశ్రమాల మేనేజర్లు అది చూసి తల పట్టుకొని ఉంటారు. నేను మాత్రం సంతోషించాను. నా దగ్గర లెక్క ఉంది.

ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై మూడేళ్ళు నర్సుగా చేసి, రిటైరయ్యాక వికారాబాద్‌లో ఈ ఆశ్రమానికి మేనేజరుగా వచ్చాను. వచ్చి పన్నెండో ఏడు. ఇప్పుడు నాకు డెబ్బై నడుస్తోంది. ముప్పై నాలుగు మంది పెద్దవాళ్ళు, తొమ్మిది మంది ఆయమ్మలు. ప్రతి శనివారం సాయంత్రం అయిదింటికి కూర్చుని వచ్చే వారం ఎవరు ఏ పనిలో ఉండాలో చార్టు నోటుబుక్కులో రాసి, ఒక నకలు గోడకు అంటిస్తాను. ఏడాదికి ఒక నోటుబుక్కు. అన్నీ నా బీరువాలో వరసగా ఉన్నాయి, ఒక్క పేజీ పోలేదు.

మా ట్రస్టు తాండూరులో రెండో ఆశ్రమం కడుతోంది. దాన్ని నడిపే మనిషి కావాలి. వృద్ధుల సేవలో ఉన్నవాళ్ళకు నాయకత్వ శిక్షణ అని వికారాబాద్‌లోనే ఆరు శనివారాలు తరగతులు పెట్టారు. ఆశ్రమానికి ఒక్క సీటు. మా దగ్గరి నుంచి ఆ శిక్షణ ఎవరు పూర్తిచేస్తే వాళ్ళే తాండూరు ఇన్‌చార్జి అని ట్రస్టు కార్యదర్శి ముందే చెప్పాడు. మంచి జీతం, ఆ ఆవరణలోనే రెండు గదుల ఇల్లు. ఆయమ్మగా చేరిన మనిషి ఆయమ్మగానే రిటైరయ్యే చోట అది చిన్న విషయం కాదు.

ఆ సీటుకు ఇద్దరే ఉన్నారు. ఒకామె నా దగ్గర పదకొండేళ్ళుగా పనిచేస్తున్న పెద్ద ఆయమ్మ. యాలాల్ దగ్గరి పల్లె ఆమెది. కూలి చేసుకునే కుటుంబం, ఆదివారం చర్చికి పోయే కుటుంబం. రెండో ఆమె చిన్న ఆయమ్మ, చేరి ఆరేళ్ళు, రైతు ఇంటి పిల్ల, డిగ్రీ మధ్యలో ఆపేసింది.

పెద్ద ఆయమ్మ పని గురించి రెండు మాటలు చెప్పాలి. స్నానానికి మొండికేసే తాతకు ఆమె నెత్తిమీద నీళ్ళు పొయ్యదు. ముందు పాదాల మీద పోస్తుంది. "వేడి సరిపోయిందా తాతా, ఇంకింత కలపాల్నా?" అని అడిగి, ఆయన చెప్పేదాకా చెంబు ఎత్తదు. మాత్ర మింగకుండా బుగ్గన దాచుకునేవాళ్ళను మాట తేడాతోనే పట్టేస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు మంచంలోని మనిషిని ఎటు తిప్పాలో తెలియకపోతే నన్ను అడగరు. ఆమెను అడుగుతారు. ఇదంతా నాకు తెలుసు. ఫారం నింపడానికి కూర్చున్నప్పుడు కూడా తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు నోటుబుక్కులు ముందు పెట్టుకొని ఆమె గంటలు లెక్క కట్టాను. స్నానాలు, మరుగుదొడ్లు: నాలుగు వేల రెండు వందల పన్నెండు. మంచం పట్టినవాళ్ళ సేవ: రెండు వేల మూడు వందల నలభై. మందులు: తొమ్మిది వందల పది. మొత్తం ఏడు వేల నాలుగు వందల అరవై రెండు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున, వారపు సెలవులు తీసేస్తే మూడేళ్ళకు రావలసిన లెక్కకు ఇరవై ఆరు గంటలు తక్కువ. అంటే మూడేళ్ళలో ఆమె అదనంగా తీసుకున్న సెలవు మూడు రోజుల రెండు గంటలు.

భోజనాల గది: సున్నా.

కూడికలో తప్పు చేశాననుకున్నాను. మళ్ళీ లెక్క కట్టాను. మూడు పుస్తకాల్లోనూ ఆ గదికి ఎదురుగా ఎనిమిది మంది పేర్లు మార్చి మార్చి వస్తున్నాయి, తొమ్మిదో పేరు లేదు. అంతకు ముందరి పుస్తకాలు తీశాను. లేదు. చివరికి ఆమె చేరిన ఏడాది పుస్తకం తీస్తే, మొదటి వారం సోమ, మంగళ, బుధవారాలు భోజనాల గదిలో ఉంది. గురువారం నుంచి కొట్టివేసి స్నానాలని రాసి ఉంది. కొట్టివేత పక్కన నా పొడి సంతకం.

ఆ బుధవారం గుర్తొచ్చింది. అప్పుడు మా దగ్గర ఒక పటేల్ ఉండేవాడు. పొలాలు, పెత్తనం చూసిన మనిషి. ఆమె అన్నం వడ్డించబోతే పళ్ళెం ముందు నుంచే అడిగాడు.

"ఏ ఊరు మీది?"

"యాలాల్ దిక్కు పటేలా."

"ఊర్ల ఏడ ఉంటరు?"

"చర్చి ఎనుక."

"అట్లనా. నాకు ఆకలైతలేదు, తియ్యి."

పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు పళ్ళాల మీద చేతులు అడ్డం పెట్టారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "సిస్టరమ్మా, నేను ఎవర్నీ ఒక మాట అనెటోణ్ణి కాదు. కానీ ఈ వయసుల నాకు కొత్త అలవాట్లు నేర్పకుండ్రి" అన్నాడు.

ఆయన షుగర్ మనిషి, మాత్ర వేసుకున్నాడు, తినకపోతే కళ్ళు తిరుగుతాయి. అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకునే నేను ఆ పని చేశాను. ఆ పూటకు ఇంకొకరితో వడ్డింపించాను. సాయంత్రం చార్టు దిద్దాను. మర్నాడు ఆమెను పిలిచి, "స్నానాల పని నువ్వు మంచిగ చేస్తవు, ఇగ అక్కడనే ఉండు" అన్నాను. ఆమె తలూపింది. గొడవ లేకుండా సర్దానని ఆ రోజు నాకు లోపల గర్వంగా కూడా ఉంది.

పటేల్ రెండేళ్ళకు పోయాడు. ఆ తర్వాత ఇంకెవరూ నన్ను ఏమీ అడగలేదు. ప్రతి శనివారం పాత చార్టు ముందు పెట్టుకొని కొత్తది రాసేదాన్ని. ఆయన పోయాక తొమ్మిదేళ్ళు, ఏడాదికి యాభై రెండు వారాలు, మొత్తం నాలుగు వందల అరవై ఎనిమిది చార్టులు. అన్నీ నా చేతిరాతే.

ఇంత తెలిశాక ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రం ఫారంలో సున్నా రాశాను. ఉన్నది ఉన్నట్టు రాయడం నా నియమం అని చెప్పుకున్నాను. కింద వివరణకు మూడు గీతల ఖాళీ ఉంది. అది వదిలేశాను. అన్ని విభాగాల్లోనూ అనుభవం ఉండాలని మొదటి పేజీలోనే ఉంది కాబట్టి సీటు చిన్న ఆయమ్మకు పోయింది. ఆ పిల్ల గంటలు నాలుగు గడుల్లోనూ సమంగా ఉన్నాయి. అలా ఉండేట్టు పంచింది కూడా నేనే.

మంగళవారం పొద్దున పెద్ద ఆయమ్మ నా గదికి వచ్చింది. చేతులు తడిగా ఉన్నాయి, కొంగుతో తుడుచుకుంటోంది.

"సిస్టరమ్మా, నా పేరు పోలేదంట గద?"

"భోజనాల గదిలో నీకు అనుభవం లేదు. ఫారంలో అది అడిగారు."

"లేదు, నిజమే. నేను గాడ చెయ్యనంటినా?"

"అనలేదు. చార్టు అట్లా పడింది."

ఆమె నవ్వింది. "పడ్డదా? వాన పడ్డట్టు పడ్డదా సిస్టరమ్మా? రాశేది మీరేనేమో అనుకున్న ఇన్నొద్దులు."

నేను కాగితాలు సర్దుకున్నాను. ఆమె, "ముసలామెకు నీళ్ళు సల్లారుతున్నయ్, పోతున్న" అని వెళ్ళిపోయింది. నెల జీతం తీసుకునే రోజు దాకా ఒక్క పని తగ్గించకుండా చేసి, మర్నాటి నుంచి మానేసింది. తాండూరులో ఒక ఇంట్లో ముసలమ్మను చూసుకునే పని దొరికిందని చిన్న ఆయమ్మ చెప్పింది.

అప్పటికి శిక్షణ మొదలైంది. రెండో శనివారం మేనేజర్లు కూడా రావాలన్నారు. పద్దెనిమిది మందిమి గుండ్రంగా కూర్చున్నాం. నేర్పే అమ్మాయి నా మనవరాలి వయసుది. ఎవరికి వాళ్ళు, తమ దగ్గర తీసుకున్న ఒక నిర్ణయం చెప్పాలి, దానివల్ల ఎవరికి సుఖం కలిగింది, ఎవరి మీద బరువు పడింది చెప్పాలి. నా వంతు రాగానే పొద్దున పాలు ఇచ్చే వేళ ఆరున్నర నుంచి ఆరుకు మార్చిన సంగతి చెప్పాను. పెద్దవాళ్ళకు త్వరగా మెలకువ వస్తుంది, అరగంట ఊరికే కూర్చోవలసి వస్తుంది, అందుకని. బరువు వంటమనిషి మీద పడింది, ఆమెకు అరగంట ముందే సెలవు ఇచ్చాను. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న చిన్న ఆయమ్మ కొట్టలేదు.

ఆమె వంతు వచ్చింది. లేచి, "నేను చెప్పేదేం లేదు మేడం. మా దగ్గర లీడర్ వేరే ఉండె. బాత్‌రూంల కాడ ఉండె, గామెకు ఈడ సీటు రాలే" అంది.

గదంతా నవ్వింది. హాస్యానికి అన్నదనుకున్నారు. నేర్పే అమ్మాయి కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గదిలో అది హాస్యం కాదని తెలిసిన ఇద్దరిలో నేనొకదాన్ని, అయినా పళ్ళు కనపడేట్టు నవ్వాను. చిన్న ఆయమ్మ నా వైపు చూసి కూర్చుంది. సాయంత్రం ఇద్దరం ఆటోలో ఆశ్రమానికి వచ్చాం. దిగేటప్పుడు, "మేడం, నాతోని తాండూరు నడవది. మంచంల మనిషిని ఎట్ల లేపాల్నో నాకు అక్కనే నేర్పింది" అంది.

సోమవారం కార్యదర్శి దగ్గరికి వెళ్ళాను. ఆయన కందుల వ్యాపారి, ట్రస్టు పని సాయంత్రాలు చూస్తాడు. చెప్పవలసింది, చిన్న ఆయమ్మ తాండూరు వద్దన్న సంగతితో సహా, రాసి తీసుకుపోయాను. చదివి, కళ్ళద్దాలు తీశాడు.

"సున్నా ఉంటే సున్నా రాశిన్రు. గిందుల మీ తప్పేమున్నదమ్మా?"

"ఆ సున్నా చేసింది నేనే."

ఆయన మళ్ళీ చదివాడు. "పదకొండేండ్లు!" అన్నాడు. ఆ మాట నా మొహాన కొట్టినట్టైంది. తర్వాత శిక్షణవాళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. భోజనాల గదిలో కనీసం నూరు గంటలు ఉంటే రెండో బ్యాచ్‌లో తీసుకుంటారట. తాండూరు కట్టడం ఎలాగూ ఇంకా ఆరు నెలలు పడుతుంది. "ఆమెను పిలుచుకరండ్రి. కానీ వస్తదా?" అన్నాడు.

బుధవారం ప్యాసింజర్ రైల్లో తాండూరు వెళ్ళాను. బండలకు పాలిష్ పట్టే యూనిట్ యజమాని ఇల్లు అది. వాకిలి మీద, తులసికోట మీద కూడా తెల్లటి రాతి పొడి. లోపలి గదిలో పెద్ద ఆయమ్మ ముసలమ్మ వెనక దిండు పెట్టి కూర్చోబెట్టి, మజ్జిగ కలిపిన జొన్న గట్క తినిపిస్తోంది. ముసలమ్మది కన్నడం. నోరు మూసుకొని "సాకు, సాకు" అంటోంది. "సాలనకు అవ్వా, ఇంకొక్క బుక్క. మీ కొడుకు నన్ను కొడ్తడు" అంటోంది ఈమె. ముసలమ్మకు నవ్వొచ్చి నోరు తెరిచింది.

నన్ను చూసి లేవలేదు. చేతిలో గిన్నె ఉంది.

"గింత దూరం ఒస్తిరి. ఫోన్ చేస్తే అయిపోవు గద."

"ఫోన్‌లో చెప్పేది కాదు" అని, అక్కడున్న పీట మీద కూర్చుని వరసగా చెప్పాను. ఆ బుధవారం, పటేల్ మాట, చార్టు, ఆయన పోయిన తర్వాతి తొమ్మిదేళ్ళు, ఫారంలో వదిలేసిన మూడు గీతలు, శిక్షణలో నవ్విన నవ్వు. ఏదీ దాచలేదు. ఆమె ముసలమ్మ మూతి తుడిచి, గిన్నె కింద పెట్టింది.

"నాకెర్క లేదనుకున్నరా సిస్టరమ్మా? నాకు తెల్లారే ఎర్కైంది. స్నానాల పని మంచిగ చేస్తవని మీరు మెచ్చుకున్నరు సూడు, గప్పుడు. చేరి మూడు దినాలాయె. అప్పటిదాంక నేను ఒక్కరికన్న స్నానం పొయ్యలే. మంచిగ చేస్తనని మీకెట్ల తెల్సె?"

లెక్కల మనిషినని చెప్పుకునే నాకు ఆ లెక్క పదకొండేళ్ళలో తట్టలేదు.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?" అన్నాను. అనగానే నాలుక కొరుక్కోవాలనిపించింది.

"ఇద్దరు పిల్లలు సదువుకుంటుండిరి" అంది.

నూరు గంటల సంగతి, రెండో బ్యాచ్ సంగతి చెప్పాను. రోజుకు మధ్యాహ్నం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చొప్పున ఇరవై అయిదు రోజుల్లో పూర్తవుతుందన్నాను. ఆమె ముసలమ్మ కాళ్ళ మీద దుప్పటి కప్పింది.

"వస్త. ఈ అవ్వకు వేరే మనిషిని సూసినంక వస్త. కానీ నేను వడ్డించకముందే మీరు చెప్పాలె. కాయితం మీద కాదు. భోజనాల రూంల, అందరు కూసున్నప్పుడు. పటేల్ పేరు తియ్యకుండ్రి, పోయినోళ్ళ మీద ఎందుకు? మీరేం చేసిన్రో గదొక్కటి చెప్పుండ్రి."

రైల్లో వచ్చేటప్పుడు నేను పటేల్ మాటతోనే మొదలుపెట్టాలని అనుకొని ఉన్నాను. ఆమె దాన్ని తీసేసింది. తీసేస్తే నా పని తప్ప మిగలదు.

గుమ్మం దాకా వచ్చి ఇంకో మాట అంది. "గా కొత్త బిల్డింగుల అంతట పాలిష్ బండ పరుస్తున్నరు, మొన్న సూశొచ్చిన. తడి తగిల్తె ముసలోళ్ళు ఒక్కరు నిలవడరు. బాత్‌రూంలల్ల, వరండల గరుకు బండ ఎయ్యమనుండ్రి, జర జల్ది." ఇన్‌చార్జి కాకముందే ఆమె ఆ పని మొదలుపెట్టింది. నేను ఆ కట్టడాన్ని నాలుగుసార్లు చూశాను. గోడల కొలతలు చూశాను, నేల చూడలేదు.

పన్నెండు రోజుల తర్వాత, సోమవారం మధ్యాహ్నం, పన్నెండున్నరకు అందరూ పళ్ళాల ముందు కూర్చున్నారు. ఆయమ్మలంతా వచ్చారు. పెద్ద ఆయమ్మ అన్నం గిన్నెతో గుమ్మంలో నిలబడింది. నేను కాగితం లేకుండా చెప్పాను. పదకొండేళ్ళ కింద ఈమె కులం చూసి ఈ గదిలోంచి తీసేశానని, ఆమెకు పని రాక కాదని, నాకు ఒక పూట గొడవ ఇష్టం లేకపోయిందని, దానివల్ల ఆమెకు రావలసిన సీటు పోయిందని చెప్పాను. ఆమె వైపు తిరిగి తప్పు నాదని అన్నాను.

చివరి వరసలో ఒక తాత చెయ్యెత్తాడు. "సిస్టరమ్మా, ఇనొస్తలేదు. జర గట్టిగ చెప్పు."

మొదటినుంచి మళ్ళీ చెప్పాను, గట్టిగా. రెండోసారి బల్ల పట్టుకొని చెప్పాను.

ఆనాడు పళ్ళెం మీద చేతులు పెట్టిన ఇద్దరిలో ఒకామె ఇంకా ఉంది, తొంభైకి దగ్గర. ఆమె పళ్ళెం ముందుకు జరిపి, "నాకు గా పట్టింపు ఎప్పుడో పోయింది బిడ్డా. నన్ను మల్ల ఎవరన్న అడిగిన్రా?" అంది. అది పెద్ద ఆయమ్మతో అంది. నేను విన్నాను.

కిందటేడు చేరిన ఒక పెద్దమనిషి మాత్రం లేచాడు. "నాకు ఆకలి లేదు" అన్నాడు. అవే మాటలు. అందరూ నా వైపు చూశారు. పెద్ద ఆయమ్మ ఒక్కతే చూడలేదు, పక్క పళ్ళెంలో పప్పు వేస్తోంది. ఆయనకూ షుగరే. నేను స్టోరులోకి వెళ్ళి ఒక అరటిపండు, గ్లాసు పాలు తెచ్చి ఆయన గదిలో పెట్టాను. "రాత్రి భోజనం ఏడింటికి. వడ్డించేది ఈమెనే" అన్నాను. చార్టు గోడ మీద ఉన్నట్టే ఉంది.

ఏడింటికి ఆయన వచ్చి తన చోట కూర్చున్నాడు. పెద్ద ఆయమ్మ వడ్డించింది. "చారు పొయ్యాల్నా?" అని అడిగింది. "కొంచెం" అన్నాడు. తిన్నాడు.

నూరు గంటలు ఇరవై అయిదో రోజు పూర్తయ్యాయి. రెండో బ్యాచ్‌లో ఆమె పేరు పంపాం. ఇప్పటికి నాలుగు శనివారాలు వెళ్ళొచ్చింది. తాండూరులో గరుకు బండ పరుస్తున్నారు. ఆమె నాతో మంచిగానే మాట్లాడుతుంది, పనికి కావలసినంత.

నేను మాత్రం ఆ సోమవారం లెక్క దగ్గరే ఆగిపోయాను. పన్నెండున్నర నుంచి ఏడు దాకా ఆరున్నర గంటలు. ఒక అరటిపండు, ఒక గ్లాసు పాలు. పదకొండేళ్ళ కిందటి ఆ బుధవారం కూడా స్టోరులో అరటిపళ్ళున్నాయి, పాలున్నాయి. నేను రాత్రి ఏడింటి దాకా కూడా ఆగలేదు.